అర్హత ఉన్నా అందని పింఛన్లు, పథకాలు: ఊళ్లో ఎవరెవరు కలిస్తే పని అవుతుంది

“అన్నీ ఉన్నాయి సార్, అయినా మా పేరు రాలేదు” అని ఎవరైనా వస్తే వెంటనే జీవో తీసి అర్హతలు చదవడం మొదలుపెట్టకండి. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు తెప్పించి బల్ల మీద పక్కపక్కన పెట్టండి. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, భర్త లేదా తండ్రి పేరు అక్షరం అక్షరం పోల్చండి. ఒకదాంట్లో వెంకట లక్ష్మి, ఇంకోదాంట్లో వెంకటలక్ష్మమ్మ, మూడోదాంట్లో ఉత్త లక్ష్మి. ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా పేదింటికి రావాల్సింది ఆగిపోయే చోటు చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది. మా దగ్గరికి వచ్చేవాళ్లలో నిబంధనల ప్రకారం నిజంగా అనర్హులైనవాళ్లు తక్కువ. కాగితానికీ కాగితానికీ పొసగక ఆగిపోయినవాళ్లే ఎక్కువ.

రెండో కారణం సమయం. పుట్టుక, చావు, పెళ్లి, కాన్పు, ప్రమాదం, అరవయ్యేళ్లు నిండడం: ఇంట్లో ఏ మార్పు జరిగినా దాంతో ఒక హక్కు మొదలవుతుంది, లేదా మారుతుంది. ఆ సంగతి ఆఫీసు కంప్యూటర్‌కి అందరికంటే చివర తెలుస్తుంది. ఊళ్లో మాత్రం ఎవరో ఒకరికి ఆ రోజే తెలుస్తుంది. నెల తప్పిన సంగతి ఆశా కార్యకర్తకి తెలుసు. వేలిముద్ర పడటం మానేసిన ముసలాయన సంగతి రేషన్ డీలర్‌కి తెలుసు. రెండు వాయిదాలు పొదుపు కట్టలేకపోయిన ఇల్లు ఏదో సంఘం లీడర్‌కి తెలుసు. ఖాతా మూలనపడిందని ఊళ్లో బ్యాంకు తరఫున డబ్బు ఇచ్చి పుచ్చుకునే బ్యాంక్ మిత్రకీ, ఇల్లు మారారని పోస్ట్‌మ్యాన్‌కీ తెలుసు. వీళ్లకి తెలిసింది వారం తిరక్కుండా సరైన టేబుల్ మీదికి చేరితే సగం పని అయినట్టే. సామాజిక భాగస్వామ్యం అని పెద్ద పేరు పెట్టుకున్నా చేయాల్సింది ఇంతే.

మండలానికో కమిటీ వేసి, బ్యానర్ కట్టి, ఫొటో దిగితే ఇది జరగదు. ఊరికి ఐదారుగురు చాలు. మధ్యలో గ్రామైక్య సంఘం ఉండాలి. పది నుంచి పదిహేనుమంది ఉన్న డ్వాక్రా సంఘాలు అన్నీ కలిసే చోటు అదే కాబట్టి పేదిళ్లలో ఎక్కువ భాగం దాని చేతికి అందుతాయి. దాని సహాయకురాలు, అంటే యానిమేటర్ లేదా వీవోఏ, ఎవరికి ఏది ఎందుకు ఆగిందో ఒక పుస్తకంలో రాస్తుంది. ఆశా, అంగన్‌వాడీ టీచర్, పోస్ట్‌మ్యాన్, బ్యాంక్ మిత్ర తమకి తెలిసింది చెబుతారు. ఆఫీసు వైపు ఒకరు తప్పనిసరి: ఆంధ్రలో సచివాలయం వెల్ఫేర్ అసిస్టెంట్, తెలంగాణలో పంచాయతీ కార్యదర్శి. సంఘాల్లో లేని ఇళ్లు కూడా ఉంటాయి. ఒంటరి ముసలివాళ్లు, వలస వచ్చి ఊరి చివర గుడిసె వేసుకున్నవాళ్లు, సంఘం నుంచి అప్పు తీర్చలేక బయటికి పోయినవాళ్లు. అసలు అవసరం వీళ్లదే. వీళ్ల పేర్లు మాత్రం విడిగా ఒక పేజీలో రాసుకోకపోతే ఎవరికీ గుర్తుండవు.

మొత్తం భారం ఒక్క మనిషి మీద పెడితే ఏమవుతుందో ఆంధ్ర రాష్ట్రం మొత్తం 2024లో చూసింది. 2019 ఆగస్టు నుంచి ప్రతి యాభై ఇళ్లకి ఒక వాలంటీర్. పింఛను ఇంటికి తెచ్చేదీ ఆ మనిషే, దరఖాస్తు పెట్టేదీ ఆ మనిషే. ఎన్నికల వేళ పింఛన్ల పంపిణీ నుంచి వాలంటీర్లను తప్పించడంతో ఏప్రిల్‌లో ముసలివాళ్లు సచివాలయాల చుట్టూ తిరిగారు. మే నెలలో ఆధార్ లింకైన ఖాతాలున్నవాళ్లకి డబ్బు బ్యాంకులో వేశారు. నిప్పులు చెరిగే ఎండలో బ్యాంకుల ముందు క్యూలు కట్టారు. తమ డబ్బు ఏ ఖాతాలో పడిందో కూడా చాలామందికి తెలియదు. 2024 జులై నుంచి సచివాలయం సిబ్బందే ఇంటికి వచ్చి ఇస్తున్నారు, పంపిణీ కుదుటపడింది. కానీ ఏ ఇంట్లో ఎవరికి ఏ కాగితం లేదన్న సమాచారం ఒక్కరి బుర్రలోనో ఫోన్‌లోనో ఉంటే ఆ మనిషితో పాటే పోతుంది. పుస్తకం సంఘం దగ్గర ఉండాలని మేం పట్టుబట్టేది అందుకే.

ఇక ఆ మూడు కాగితాల సంగతి. వరుస ముఖ్యం: ముందు ఆధార్, తర్వాత కుటుంబం, ఆ తర్వాత బ్యాంకు. దరఖాస్తు ఆఖరుది. చాలామంది దరఖాస్తుతో మొదలుపెట్టి, తిరస్కరించాక వెనక్కి నడుస్తారు.

ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లు మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ ఒక్కసారే. మన పల్లెల్లో జనవరి 1న పుట్టినవాళ్లు లెక్కకు మించి ఉంటారు. ఆధార్ తీసేరోజు వయసు అంచనాగా చెబితే కంప్యూటర్ ఆ సంవత్సరం జనవరి 1 వేసేసింది. ఆ అంచనా ఐదేళ్లు తక్కువైతే 62 ఏళ్ల మనిషి కాగితం మీద 57 దగ్గరే ఆగిపోతాడు. తేదీ మార్చడానికి ఉన్నది ఒక్క అవకాశం కాబట్టి తొందరపడి ఏదో ఒక సర్టిఫికెట్ పట్టుకెళ్లకండి. పదో తరగతి మార్కుల జాబితా ఉంటే అదే గట్టిది. అది లేనివాళ్ల విషయంలో ఓటరు కార్డు, పాత రేషన్ కార్డు, పిల్లల వయసులు అన్నీ చూసి ఏ తేదీ నిలుస్తుందో తేల్చుకున్నాకే వెళ్లండి. పింఛను కోసం వయసు పెంచి, ఆ తర్వాత రైతు బీమాలో 59 దాటిపోయారని పేరు పోగొట్టుకున్న ఇళ్లు తెలంగాణలో ఉన్నాయి. అబద్ధపు తేదీ ఒకచోట కలిసొచ్చినా ఇంకోచోట కొడుతుంది.

మొబైల్ నంబర్ లింక్ లేకపోతే ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే ఏ పనీ కదలదు. ఈ ఒక్క పని కోసం కూలి మానుకుని టౌన్‌లోని ఆధార్ సెంటర్‌కి పోనక్కర్లేదు. పోస్ట్‌మ్యాన్ దగ్గరుండే ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు పరికరంతో నంబర్ ఇంటి దగ్గరే మార్చవచ్చు, ఐదేళ్లలోపు పిల్లలకి కొత్త ఆధార్ కూడా తీయవచ్చు. ఊరికి ఒక రోజు మాట్లాడి పెట్టుకుంటే ఒక్క పూటలో ముప్ఫై ఇళ్ల పని అయిపోతుంది. పిల్లలకి ఐదేళ్లు, పదిహేనేళ్లు నిండినప్పుడు వేలిముద్రలు మళ్లీ ఇవ్వాలి. సకాలంలో ఇస్తే రుసుము లేదు, ఇవ్వకపోతే స్కాలర్‌షిప్ దగ్గర ఆగుతుంది.

కుటుంబం అంటే ఇంట్లో ఒకే పొయ్యి మీద తినేవాళ్లని మనం అనుకుంటాం. కంప్యూటర్‌కి కుటుంబం అంటే రేషన్ కార్డులో ఉన్నవాళ్లు, ఆంధ్రలోనైతే దాంతోపాటు సచివాలయం హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో, అంటే ఏ ఇంట్లో ఎవరున్నారో రాసుకున్న నమోదులో ఉన్నవాళ్లు. పెళ్లయి వేరుపడిన కొడుకు పేరు ఇంకా తండ్రి కార్డులోనే ఉంటే కొడుకు ఉద్యోగం, కొడుకు కారు తండ్రి పింఛన్ని ఆపుతాయి. కొత్త కోడలి పేరు పుట్టింటి కార్డులో తీయించకుండా అత్తింటి కార్డులో చేరదు. తీయించాక చేర్చడం ఆలస్యమైతే ఆ అమ్మాయి రెండుచోట్లా లేని నెలలు వస్తాయి, సరిగ్గా మొదటి కాన్పు అప్పుడే. అందుకని పెళ్లి జరిగిన నెలలోనే వివాహ ధ్రువీకరణ పత్రం తీసుకుని, తీసివేత, చేర్పు రెండూ వెనకవెనకే పెట్టించాలి. పెళ్లి భోజనాల దగ్గర ఈ మాట ఎత్తితే ఎవరూ వినరు. మూడో వారం సంఘం మీటింగ్‌లో ఎత్తితే వింటారు.

బ్యాంకు దగ్గర అందరూ పడే గొయ్యి ఒకటుంది. “నా ఖాతాకి ఆధార్ ఇచ్చాను కదా” అంటారు. ఖాతా వివరాల్లో ఆధార్ నంబర్ ఉండడం వేరు, ఎన్‌పీసీఐ మ్యాపర్‌లో (ఏ ఆధార్ డబ్బు ఏ బ్యాంకుకి పోవాలో చూపే జాబితాలో) ఆ ఖాతా ఉన్న బ్యాంకు పేరు ఉండడం వేరు. ప్రభుత్వం ఆధార్ నంబర్ మీద వేసే డబ్బు మ్యాపర్ ఏ బ్యాంకు చూపిస్తే ఆ బ్యాంకుకే పోతుంది. ఒక ఆధార్‌కి ఒకే బ్యాంకు. ఆఖరున ఎక్కడ సమ్మతి ఇచ్చారో అదే నిలుస్తుంది. ఎప్పుడో సిమ్ కొన్నప్పుడు తెలియకుండా తెరుచుకున్న పేమెంట్స్ బ్యాంకు ఖాతాలో నెలల తరబడి గ్యాస్ సబ్సిడీ పేరుకుపోయిన కేసులు కొత్తవేం కావు. మై ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకో, యాక్టివ్‌గా ఉందో లేదో తెలుస్తుంది. ఓటీపీ వచ్చే ఫోన్ దగ్గరుంటే రెండు నిమిషాల పని. మార్చాలంటే కావాల్సిన బ్యాంకు బ్రాంచిలో ఆధార్ సీడింగ్ సమ్మతి ఫారం ఇచ్చి, ‘డీబీటీ కోసం’ (ప్రభుత్వం నేరుగా ఖాతాలో వేసే డబ్బు కోసం) అని గట్టిగా చెప్పండి. లేకపోతే ‘కేవైసీ అప్‌డేట్’ ఫారం మాత్రమే తీసుకుని పంపించేస్తారు, అదీ ఇదీ ఒకటి కాదు. రెండేళ్లు ఏ లావాదేవీ లేని ఖాతా పనిచేయని ఖాతా కింద పడుతుంది. 2014, 2015లో తెరిచిన జన్‌ధన్ ఖాతాలకి పదేళ్లు నిండాయి కాబట్టి కేవైసీ మళ్లీ చేయించుకోకపోతే ఆగుతాయి.

ఇవన్నీ ఒక్కసారే అవసరమయ్యేది ఇంట్లో సంపాదించే మనిషి పోయినప్పుడు. ఆ ఇంటికి చేతిలో డబ్బు ఉండదు, ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపికా ఉండదు. గడువులు మాత్రం మొదటి నెలలోనే మొదలవుతాయి. అందుకే దీన్ని కొంచెం వివరంగా చెబుతాం.

మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. 22వ రోజు నుంచి 30వ రోజు వరకు ఆలస్య రుసుముతో అవుతుంది. నెల దాటితే స్వీయ ధ్రువీకరణ పత్రం, పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితే ఆర్డీవో స్థాయిలో ఉత్తర్వు తెచ్చుకోవాలి. నమోదు జరిగేది మనిషి ఎక్కడ చనిపోతే అక్కడే, సొంతూళ్లో కాదు. పల్లెలో ఉండే మనిషి గుంటూరులోనో వరంగల్‌లోనో ఆస్పత్రిలో పోతే సర్టిఫికెట్ ఆ నగరం నుంచి రావాలి. పంచాయతీ ఆఫీసులో వారం తిరిగి “ఇక్కడ కాదు” అనిపించుకునే ఇళ్లు అందుకే ఇన్ని ఉంటాయి. ఆస్పత్రిలో చనిపోతే డిశ్చార్జి కాగితాలు తీసుకునేటప్పుడే నమోదు ఫారంలో పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. పుట్టెడు దుఃఖంలో ఉన్న బంధువు నోటితో చెప్పిన పేరు క్లర్కు రాసేస్తాడు. ముద్దుపేరుతో, ఇంటిపేరు లేకుండా వచ్చిన మరణ ధ్రువీకరణ పత్రం ఏ బీమా దగ్గరా చెల్లదు. కాపీలు కనీసం ఐదారు తీసుకోండి.

ఆ వెంటనే చనిపోయినాయన పాసుబుక్కులన్నీ ముద్రణ వేయించి మే ఆఖరు, జూన్ మొదటి వారం లైన్లు వెతకండి. 436 రూపాయలు కోత కనిపిస్తే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఉన్నట్టు. 20 రూపాయలు కనిపిస్తే సురక్షా బీమా. జీవన్ జ్యోతి ఏ కారణంతో పోయినా 2 లక్షలు ఇస్తుంది, సురక్షా ప్రమాద మరణానికి 2 లక్షలు. ఏడాది మధ్యలో చేరినవాళ్లకి మొదటి కోత 342, 228, 114 అని కూడా ఉండొచ్చు. చాలా ఇళ్లలో ఈ బీమా ఉందని భార్యకి తెలియదు, బ్యాంకు తనంతట తాను చెప్పదు. ఖాతా ఉన్న బ్రాంచిలోనే క్లెయిమ్ ఫారం, మరణ పత్రం, నామినీ ఆధార్, నామినీ పాసుబుక్కు ఇవ్వాలి. 30 రోజుల్లోపు ఇవ్వడం మంచిది. ప్రమాదమైతే ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు అడుగుతారు. పాము కరిచినా కరెంటు కొట్టినా “ఆయన్ని కోయొద్దు” అని పోస్టుమార్టం వద్దంటే ప్రమాదమని రుజువు చేయడం కష్టమవుతుంది. ఈ మాట ఆ గంటలో చెప్పగలిగేది ఊళ్లో తెలిసిన మనిషే. బయటివాళ్లు చెబితే వినరు. రెండు బ్యాంకుల్లో రెండు జీవన్ జ్యోతులు కట్టినా ఒక్కటే వస్తుంది. చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాదం కాని మరణానికి రాదు.

జన్‌ధన్ రూపే కార్డుకి విడిగా ప్రమాద బీమా ఉంది: 2018 ఆగస్టు 28 తర్వాత తెరిచిన ఖాతాలకి 2 లక్షలు, అంతకుముందువాటికి లక్ష. కాకపోతే ప్రమాదానికి ముందు 90 రోజుల్లో ఆ కార్డు ఒక్కసారైనా వాడి ఉండాలి. కార్డుని బీరువాలో దాచుకున్నవాళ్లకి రాదు. నెలకోసారి వంద రూపాయలైనా తీయమని సంఘం మీటింగుల్లో చెప్పడానికి ఇదే కారణం.

తెలంగాణలో ఆయన పేరున పట్టాదారు పాసుబుక్కు ఉండి, వయసు 18 నుంచి 59 మధ్య ఉంటే రైతు బీమా 5 లక్షలు. దీన్ని చూసేది ఏఈవో, అంటే వ్యవసాయ విస్తరణ అధికారి. నామినీ ముందే చనిపోయి ఉండి, కొత్త పేరు రాయించకపోతే చిక్కు పడుతుంది. పిల్లలు మైనర్లయితే సంరక్షకుడి పేరూ కావాలి. అన్నదమ్ముల్లో ఒకరికి పాసుబుక్కు ఉండి, నామినీగా భార్యకి బదులు ఇంకెవరి పేరో ఉన్న చోట పెద్దమనుషుల పంచాయితీ కంటే ముందు ఉచిత న్యాయ సహాయం అడగడం మేలు. జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద సంపాదించే మనిషి 18 నుంచి 59 ఏళ్ల మధ్య పోతే పేద కుటుంబానికి 20,000 ఉంది, తహసీల్దార్ ఆఫీసులో అడగాలి. చనిపోయింది సంఘం సభ్యురాలైతే తెలంగాణలో ప్రమాదానికి 10 లక్షల బీమా, సంఘం అప్పుకి 2 లక్షల దాకా రుణ బీమా ఉన్నాయి. ఆ ఇంటి నుంచి వాయిదాలు వసూలు చేయడానికి ముందు లీడరు ఇది చూడాలి.

ఆయన సెక్యూరిటీ గార్డుగానో మిల్లులోనో పనిచేసి పీఎఫ్ కోత ఉన్నట్టయితే మర్చిపోకండి. ఉద్యోగంలో ఉండగా పోతే పీఎఫ్‌తో పాటు ఉండే ఈడీఎల్ఐ బీమా 7 లక్షల దాకా వస్తుంది, భార్యకి పీఎఫ్ పింఛను కూడా ఉంటుంది. తాపీ పని, సెంట్రింగ్, పెయింటింగ్ చేసేవాళ్లకి భవన నిర్మాణ కార్మికుల బోర్డు కార్డు ఉందా, రెన్యువల్ అయిందా చూడండి. ఏడాదిలో 90 రోజులు పనిచేసిన 18 నుంచి 60 ఏళ్ల ఎవరైనా ఆ కార్డుకి అర్హులే. పోయాక మాత్రం కార్డు రాదు.

వితంతు పింఛనుకి ఆంధ్రలో రెండు దారులు. ఆయన అప్పటికే పింఛనుదారైతే స్పౌజ్ కేటగిరీ కింద భార్యకి మరుసటి నెల నుంచే 4,000 రూపాయలు ఇస్తున్నారు. 2024 నవంబరు నుంచి ఈ ఏర్పాటు ఉంది. మరణ పత్రం వీలైనంత త్వరగా సచివాలయంలో ఇవ్వాలి. ఆయనకి పింఛను లేకపోతే కొత్త దరఖాస్తే పెట్టాలి. కొత్తవి తీసుకునే తలుపు ఎప్పుడూ తెరిచి ఉండదు కాబట్టి కాగితాలు సిద్ధంగా ఉంచుకోవాలి. తెలంగాణలో వితంతు పింఛను నెలకు 2,016. ఒక జాగ్రత్త: పోయినాయన పింఛను ఒక నెల ఎక్కువ వచ్చింది కదా అని తీసుకోవద్దు. ఆ తర్వాత రికవరీ అంటారు, భార్య దరఖాస్తు దాని దగ్గరే ఆగిపోతుంది. ఆయన ఏటీఎం కార్డుతో డబ్బు తీయడం కూడా అంతే.

కాన్పుల సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు, ఆశాలకి అది కొట్టినపిండి. కేంద్రం ఇచ్చే మాతృ వందన పథకం కింద మొదటి బిడ్డకి 3,000, 2,000 చొప్పున రెండు విడతల్లో 5,000. రెండో బిడ్డ ఆడపిల్ల అయితే ఒకేసారి 6,000. ఆగేది ఎక్కడంటే తల్లి సొంత ఖాతా దగ్గర. భర్త ఖాతా చెల్లదు. పదిహేడేళ్లప్పుడు స్కూల్లో తెరిచిన మైనర్ ఖాతా కూడా చెల్లదు. గర్భం నమోదు చేసిన రోజే పాసుబుక్కు చూడమని ఆశాతో ఒప్పందం పెట్టుకోండి, ఎనిమిదో నెలలో బ్యాంకుకి పంపించొద్దు.

వికలాంగుల సదరం సర్టిఫికెట్‌లో శాతంతో పాటు ‘తాత్కాలికం’ అనే మాట ఉందేమో చూడాలి. 40 శాతం ఉంటేనే పింఛను అని అందరికీ తెలుసు, తాత్కాలిక సర్టిఫికెట్‌కి గడువు ఉంటుందని తెలియదు. ఆంధ్రలో 2025లో జరిగిన పునఃపరిశీలనలో చాలామందికి నోటీసులు వచ్చింది ఇందుకే. నోటీసు వస్తే ఏడుస్తూ కూర్చోకుండా, ఎంపీడీవో లేదా మున్సిపల్ కమిషనర్‌కి అప్పీలు రాసి, రసీదు తీసుకుని, మళ్లీ పరీక్షకి స్లాట్ అడగాలి. పరీక్ష రోజున పాత ఎక్స్‌రేలు, ఆపరేషన్ కాగితాలు, ఆడియోగ్రామ్ ఏది ఉంటే అది పట్టుకెళ్లాలి. డాక్టర్ చూసేది ఐదు నిమిషాలు. కాగితం లేనిది ఆ ఐదు నిమిషాల్లో కనిపించదు. స్లాట్ రోజున బండి ఏర్పాటు చేయడం, తోడు మనిషిని పంపడం సంఘం చేయగలిగిన అతి ఉపయోగకరమైన సాయం. మంచం మీదున్న మనిషిని జిల్లా ఆస్పత్రికి ఆటోలో తీసుకెళ్లడానికి అయ్యే ఖర్చే చాలామందిని ఆపుతుంది.

ఆంధ్రలో పథకాలకి అర్హత తేల్చే ఆరు దశల పరిశీలన మీద జనానికి ఉన్న కోపంలో న్యాయం ఉంది. ఆదాయం గ్రామాల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000 లోపు. భూమి మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు మించకూడదు. సొంత కారు ఉండకూడదు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్‌లకి మినహాయింపు. పట్టణంలో ఇల్లు వెయ్యి చదరపు అడుగులు దాటకూడదు. ఇంట్లో ప్రభుత్వోద్యోగి, ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండకూడదు. కరెంటు నెలకు 300 యూనిట్లు మించకూడదు. పేదింట్లో 300 యూనిట్లు ఎక్కడ కాలుతుంది? ఇంటి యజమాని మీటర్‌కి అద్దెకున్నవాళ్ల ఆధార్ అంటించినప్పుడు కాలుతుంది. అన్నదమ్ముల మూడు మీటర్లు ఒకే ఆధార్ కింద చేరినప్పుడు కాలుతుంది. దీనికి సచివాలయంలో వాదించి లాభం లేదు. విద్యుత్ శాఖ ఏఈ ఆఫీసులో ఆ ఆధార్ కింద ఉన్న సర్వీసు నంబర్లన్నీ రాయించుకుని, మనవి కానివి తొలగించమని అర్జీ ఇవ్వాలి. ఆ కాగితంతో సచివాలయంలో ఫిర్యాదు నమోదు చేయాలి. అమ్మేసిన పొలం ఇంకా పాత పేరునే ఉంటే రెవెన్యూలో మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు అడగాలి. బండి లోను కోసం ఎవరో ఆదాయపు పన్ను రిటర్ను వేసిపెట్టిన కుర్రాడి వల్ల అమ్మ పేరు పోతే, ఆ రిటర్నులో కట్టిన పన్ను సున్నా అని చూపించే కాపీ కావాలి. పారిశుద్ధ్య కార్మికులకి ఉద్యోగి నిబంధన వర్తించదు, అయినా పొరపాటున తీసేస్తుంటారు, గుర్తు చేయండి.

వలస పోయేవాళ్లకి రేషన్ కార్డు ఎక్కడికైనా వెంట వస్తుంది, కాని ఒక మెలిక ఉంది. కేంద్రం జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ఇచ్చిన కార్డుకే పక్క రాష్ట్రంలో బియ్యం ఇస్తారు. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డులకి రాష్ట్రం దాటితే లేదు. ముంబైకో చెన్నైకో బయల్దేరే ముందు కార్డు ఏ రకమో డీలర్‌తో చూపించుకోవాలి. ఈకేవైసీ మాత్రం ఉన్న ఊళ్లోనే చేయించుకోవచ్చు, దానికోసం బస్సెక్కి రావద్దు.

ఈ పని చేసేవాళ్లు పెట్టుకోవాల్సిన కట్టుబాట్లు కొన్ని. ఎవరి ఏటీఎం కార్డూ దగ్గర ఉంచుకోకూడదు. ఓటీపీ వాళ్ల ఫోన్‌లో వాళ్ల ఎదుటే చూడాలి. ఆధార్ ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పడేయకూడదు, అది ఎంత మామూలైపోయిందో చూస్తే భయమేస్తుంది. ఫారానికి ఇంత, మంజూరైతే ఇంత అని ఒక్క రూపాయి తీసుకున్నా ఆ రోజుతో నమ్మకం చెల్లిపోయినట్టే. పార్టీ కండువా వేసుకున్న మనిషిని పుస్తకం దగ్గరికి రానివ్వకండి, ఏ పార్టీ అయినా సరే. ప్రభుత్వం మారిన రోజు అవతలి వాడకట్టు వాళ్లు ఆ గడప తొక్కరు.

పుస్తకంలో పేరు, ఏం ఆగింది, ఎందుకు ఆగింది, ఏ టేబుల్ దగ్గర ఉంది, మళ్లీ ఎప్పుడు చూడాలి అనే గళ్లు చాలు. ‘ఎందుకు ఆగింది’ అన్న గడి ఖాళీగా ఉంటే ఆ కేసు కదలదు. “సిస్టం తీసుకోవట్లేదమ్మా” అన్నది కారణం కింద లెక్క కాదు. స్క్రీన్ మీద ఏ మాట వచ్చిందో చదివించుకుని అదే రాయాలి.

కారణం చెప్పకపోతేనో, చెప్పిన కారణం తప్పయితేనో సోమవారం కలెక్టరేట్‌కి వెళ్లాలి. ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక, తెలంగాణలో ప్రజావాణి. ఆంధ్రలో 1100కి ఫోన్ చేసి కూడా నమోదు చేయవచ్చు. ఒక అర్జీలో ఒకే సమస్య రాయండి. పింఛను, ఇంటి స్థలం, పొలం గట్టు గొడవ మూడూ కలిపి రాస్తే అది ఏ శాఖకీ చెందదు. మీ అర్జీ ‘పరిష్కరించబడింది’ అని సందేశం వచ్చి పని మాత్రం జరగకపోతే ఊరుకోవద్దు, అదే నంబరుతో మళ్లీ తెరిపించాలి. అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు కింద “ఈ దరఖాస్తు తిరస్కరించిన నోట్ ఫైలు నకలు ఇవ్వండి” అని ఒక్క వాక్యం చాలు. ఎందుకు తిరస్కరించారని ప్రశ్న వేస్తే జవాబు దాటేస్తారు, నకలు అడిగితే దాటేయడం కష్టం. ఆంధ్రలో గ్రామ స్థాయి ఆఫీసుకి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకి అదీ లేదు, రేషన్ కార్డు నకలు జతచేయాలి. 30 రోజుల్లో సమాధానం రావాలి, రాకపోతే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు. ఆడవాళ్లు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. 15100కి ఫోన్ చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి పారాలీగల్ వాలంటీర్‌ని అడగవచ్చు. ఆ అప్పీలు రాసిపెట్టే పని వాళ్లదే.